నాంచారి నోటి మీద వచ్చిన వ్యాజ్యం

ఏడు రాజ్యాలు జల్లెడ పట్టినా మా ఏకాంబరం వంటి ధైర్యశాలి దొరకడు. ఎదురుపడిన పులి మీద మనకే జాలి కలిగేటంత ధైర్యం అతనిది. ఈ అధ్యాయంలో అతను ఒక్కసారి కూడా భయపడడు. నమ్మనివారు వేళ్ళు మడుస్తూ లెక్కపెట్టుకోవచ్చు.

మణిమంథ రాజధానిని దూరం నుంచి చూసినవారికి అది ఊరని తోచదు. కొండ మీద ఎవరో నగల పెట్టె బోర్లించారనిపిస్తుంది. పగడపు రంగు ప్రాకారాలు, వాటి మీద నెమలి మెడ రంగు బురుజులు, కొండను మూడు వంకలుగా చుట్టి పారే శ్యామలానది. అక్కడి చిలుకలు యతి తప్పకుండా అరుస్తాయని ప్రతీతి. అంతటి నగరం మూడు నెలలుగా గొంతు తగ్గించి బతుకుతోంది. కూరలమ్మేవాళ్ళు సైగలతో బేరాలాడుతున్నారు. తల్లులు పిల్లల్ని కళ్ళతోనే కసురుతున్నారు. 

కారణం మహామంత్రి మూకభైరవుడు. పగలు మంత్రాంగం, తీరిక వేళ మంత్రవిద్య ఆయన వ్యాపకాలు. ఎవరైనా ఒక మాట ఎక్కువ మాట్లాడారని తోస్తే చాలు, నల్లదారం వేసి వాళ్ళ గొంతు లాగేస్తాడు. మట్టి కూజాలో దించి, లక్కతో మూత బిగించి, కోట కింది గుహలో దాచేస్తాడు. ఆ తర్వాత ఆ మనిషి నోరు తెరిచినా గాలే తప్ప మాట రాదు.

అటువంటి నగరానికి ఏకాంబరం, అతని భార్య నాంచారి వేషాలు కట్టడానికి వచ్చారు. వాళ్ళు పగటి వేషగాళ్ళు. పగటి వేషగాళ్ళు ఊళ్ళోకి వస్తే మూడు రోజులపాటు ఎవరి వేషమైనా కట్టవచ్చు, ఎవరి నడకనైనా వెక్కిరించవచ్చు. వేషం కట్టించుకున్నవాడు నవ్వి ఊరుకోవాలి. తాతల నాటి ఆచారమది. ఏకాంబరం వేషం కడితే కన్నతల్లి కూడా ఆనవాలు పట్టలేదు. కాని నోరు విప్పితే నాలుగు మాటలకే నాలుక ముడిపడుతుంది. మాటంతా నాంచారిదే. పెళ్ళయిన పన్నెండేళ్ళలో ఆమె నిద్రలో తప్ప నోరు మూసి ఎరగదు. “నీ నోటికి తాళం వేసేవాడు పుట్టలేదే” అని ఏకాంబరం రోజూ విసుక్కునేవాడు. ఆమె రెండు రోజులు పుట్టింటికి వెళితే మాత్రం అన్నం ముద్ద దిగేది కాదు.

మూడో రోజు పొద్దున్నే కోట ముందు వీధిలో నాంచారి చిత్రభాను మహారాజు వేషం కట్టింది. అట్ట కిరీటం పెట్టుకుని, బోర్లించిన రోలు మీద సింహాసనం మీదలాగా కూర్చుని, నోరు తెరిచింది. మాట రాలేదు. మళ్ళీ తెరిచింది. చేపలాగా మూడుసార్లు తెరిచి మూసింది. వెనక నుంచి మంత్రి వేషంలో ఉన్న ఏకాంబరం మెడ చాపి, “మహారాజుగారు ఏమంటున్నారంటే...” అని ఊరుకున్నాడు. అతని వంతు పాఠం అంతే.

మూడు నెలల తర్వాత ఆ వీధి నవ్వింది. నిజం చెప్పాలంటే మహారాజు మూడు నెలలుగా నోరు విప్పలేదు. “ప్రభువులకు గొంతు నొప్పి” అని మంత్రి చెబుతూ, రాజు పేర ఆజ్ఞలన్నీ తానే ఇస్తున్నాడు. నవ్వులు విని మేడ మీదికి వచ్చిన చిత్రభాను మహారాజు ఆ వేషం చూసి పొట్ట పట్టుకుని నవ్వాడు. కళ్ళ వెంట నీళ్ళు కారాయి. చప్పుడు మాత్రం రాలేదు.

మరునిమిషంలో భటులు వచ్చి నాంచారిని పట్టుకున్నారు. ఏకాంబరాన్ని కూడా పట్టుకుందురు గాని, అతను మంత్రి వేషంలో ఉన్నాడు. ఇద్దరు భటులు వంగి దండం పెట్టి, “దారి ఇవ్వండయ్యా, అయ్యవారు వెళ్తున్నారు” అని జనాన్ని పక్కకు తోసి అతన్ని సాగనంపారు.

వేషగాళ్ళకు ఆచారం అండ ఉంది గనుక మంత్రి ఈసారి అడగకుండా గొంతు లాగలేకపోయాడు. పొద్దు నడినెత్తికి రాకముందే వ్యాజ్యం ధర్మపీఠం ఎక్కింది. ధర్మాధికారిణి వకుళమ్మకు ఎనభై ఏళ్ళు. రాజుకు కూడా లేవని మనిషి ఆవిడ. ఓ పక్క సింహాసనం మీద చిత్రభాను మహారాజు కూర్చున్నాడు. మూకభైరవుడు ఖాళీ కూజా, నల్లదారపు ఉండ పట్టుకుని ఆవిడ ఎదుట నిలబడ్డాడు.

“రాజును మూగవానిగా చూపి ప్రజలచేత నవ్వించింది. ఇది రాజధిక్కారం. ఈమె గొంతు జప్తు చేయడానికి అనుమతి ఇప్పించండి.”

“నువ్వేమంటావమ్మా?” అని వకుళమ్మ అడిగింది.

“నేను వేషగత్తెనమ్మా,” అంది నాంచారి. “కళ్ళతో చూసిందే కడతాను. ఆయన మాట్లాడి ఉంటే నేనూ మాట్లాడేదాన్ని. మూడు నెలల్నించి ఒక్క ముక్కన్నా అంటే కదా, నేను పట్టుకోడానికి. ఈ మంత్రిగారి వేషం కట్టాలంటే నాకు సులువే, ఆయన ఒక్క క్షణమన్నా నోరు మూస్తే గదా.”

వకుళమ్మ పైట చెంగు నోటికి అడ్డం పెట్టుకుని దగ్గింది. అది దగ్గు కాదని సభలో అందరికీ తెలుసు. తర్వాత సర్దుకుని ఇలా చెప్పింది. “నూట ఇరవై ఏళ్ళ కిందట చేపలమ్మే పైడమ్మకూ వజ్రభాను మహారాజుకూ నడిచిన వ్యాజ్యంలో ఈ పీఠం ఒక తీర్పు చెప్పింది. పైడమ్మ గెలిచింది. ఆ తీర్పు ఈ వ్యాజ్యానికి సరిపోతుందని మా గురువుగారు అనేవారు. కాని దాన్ని నేను చెప్పకూడదు. వల్లించే కుటుంబం వచ్చి, ఆ మెట్టు మీద నిలబడి వల్లించాలి. సూర్యాస్తమయం దాకా గడువు. ఎవరూ రాకపోతే గొంతు మంత్రిగారిది.”

మణిమంథంలో తీర్పులు తాటాకుల మీద రాయరు. ఒకప్పుడు రాసేవారట. ఒక మాంత్రికుడు ఆ అక్షరాలన్నిటినీ చీమలుగా మార్చి వరసగా నడిపించుకుపోయాడు. నాటి నుంచి ఒక్కొక్క గొప్ప తీర్పును ఒక్కొక్క కుటుంబానికి అప్పగిస్తారు. వాళ్ళు తరతరాలుగా కంఠస్థం చేసి, పీఠం పిలిచినప్పుడు వచ్చి వల్లిస్తారు.

స్తంభం చాటున దుప్పటి కప్పుకుని నిలబడ్డ ఏకాంబరం, “ఏ... ఏ కుటుంబమమ్మా?” అన్నాడు.

“పీఠం ఏ పక్షానికీ దారి చూపకూడదు నాయనా. వెతుక్కో.”

వెతకడానికేముంది, గెలిచిన పైడమ్మ వంశంవారే అయి ఉంటారనుకున్నాడు ఏకాంబరం. సభలో ఉన్న మూడు వందల మందీ అలాగే అనుకున్నారు. చదివేవారు కూడా అలాగే అనుకుని ఉంటారు. పైడమ్మ వంశం నది నడుమ చేపల లంకలో ఉంది. ఏకాంబరం పరుగెత్తాడు. కొండ మెట్లు మూడేసి చొప్పున దూకాడు. జారిన చోట దొర్లాడు. రేవులో కట్టి ఉన్న ఒకే ఒక్క పడవలోకి గెంతి, అందులో కూర్చున్న ముసలావిడ కాళ్ళ మీద పడ్డాడు. ఆవిడ పేరు పోలమ్మ. చేతిలో తెడ్డు, నోట్లో చుట్ట.

“అమ్మా, లంకకి... తొందరగా...”

“మెల్లిగా చెప్పరా బాబూ. నీ వెనకాల ఏనుగులేం తరమట్లేదు.”

పడవ నది నడుమకు చేరేసరికి నీళ్ళు రెండుగా చీలాయి. పసుపుపచ్చని కళ్ళు, రంపం వంటి నోరు, తాటిదూలమంత మొసలి ఒకటి పైకి లేచి పడవ అంచు పట్టుకుంది. అంతలో ఏకాంబరం ఏం చేశాడంటే...

ఇక్కడ ఒక సంగతి ఒప్పుకోక తప్పదు. అతను పోలమ్మ భుజాల మీదికి ఎక్కి కూర్చుని, కళ్ళు గట్టిగా మూసుకుని, కులదైవాన్ని పిలవబోయి కంగారులో అత్తగారి పేరు పిలిచాడు. మా ఏకాంబరానికి మొసలి అంటే భయం. కప్ప అన్నా భయం, ఉరుమన్నా భయం, గుబురు మీసాలవాళ్ళన్నా భయమే. వేళ్ళు మడిచి లెక్కపెడుతున్నవారు పక్కవారి వేళ్ళు కూడా అడిగి పుచ్చుకోవాలి. మొదట్లో చెప్పిన గొప్పలు నీటిలో కలిపేద్దాం. భయపడుతూనే పనిచేసేవాడు అతను. నాకు అలాంటివాడే ఇష్టం.

పోలమ్మ చుట్ట తీయకుండానే తెడ్డెత్తి మొసలి ముక్కు మీద ఒక్కటి వేసింది. “రోజూ ఇదే వరస దీనికి” అని గొణిగింది. మొసలి ముక్కు చీదుకుంటూ మునిగిపోయింది.

“దిగు నాయనా, నా మెడ నొప్పెడతంది. లంకలో ఎవరు కావాలి నీకు?”

“పైడమ్మగారి వంశంవారు. తీర్పు వల్లించాలి. లేకపోతే నా పెళ్ళాం గొంతు తీసేస్తారు.”

పోలమ్మ తెడ్డు వేయడం ఆపింది. “ఆ వంశంలో మిగిల్న దాన్ని నేనే. పైడమ్మ మా ముత్తవ్వ. రాజుగారికి కిరీటం బరువెక్కువై మెడ లోపలికి దిగబడిపోయిందని సంతలో పాట కట్టింది. వ్యాజ్యం గెలిచింది. కానీ తీర్పు మాకు తెలీదు.”

“అదేంటమ్మా, గెలిచింది మీరే కదా?”

“అందుకే తెలీదు. తీర్పు మాకిమ్మని మా ముత్తవ్వ ఎంత బతిమాలినా పీఠం ఇవ్వలేదంట. గెలిచినోళ్ళు చెప్పినప్పుడల్లా ఓ ముక్క కలుపుతారు. మూడు తరాలయ్యేసరికి అది తీర్పు కాదు, పెళ్ళిపాట అయి కూర్చుంటది. ఓడినోడు ఒక్క అక్షరం కూడా ఎక్కువ చెప్పడు. అందుకని తీర్పు ఎప్పుడూ ఓడినోళ్ళ ఇంటికే పోద్ది. వకుళమ్మ చెప్పలేదా?”

ఏకాంబరం మనసులోనే లెక్క కట్టాడు. పైడమ్మ మీద ఓడిపోయింది వజ్రభాను మహారాజు. ఆయన మునిమనుమడు చిత్రభాను మహారాజు. అంటే రాజుకు వ్యతిరేకంగా చెప్పిన తీర్పును వల్లించవలసినవాడు రాజే. ఆ రాజు మూడు నెలలుగా మాట్లాడడం లేదు. గొంతు నొప్పి కాదది. మూకభైరవుడు అందరికంటే ముందు లాగింది రాజు గొంతే.

“అమ్మా, పడవ తిప్పు. కూజాల గుహకి.”

“అక్కడ రెండు తలల రాక్షసుడు కాపలా ఉంటాడ్రా.”

“తెలుసమ్మా. నాకు వణుకుగానే ఉంది. తిప్పు.”

కోట పునాదిలో నదికి ఎదురుగా ఉంది కూజాల గుహ. గుమ్మం ముందు జోడుతలల జగ్గుడు తాటిచెట్టంత ఎత్తున నిలబడి ఉన్నాడు. ఏకాంబరం దుప్పటి తీసేసి, చెదిరిన మంత్రి మీసం సరిచేసుకుని, గడ్డం పైకెత్తి నడిచాడు.

“అయ్యవారు వచ్చారు, తలుపు తియ్యి” అంది కుడి తల.

“అయ్యవారు కాకిలా నడుస్తారు. ఈయన తడిసిన కోడిలా ఉన్నాడు” అంది ఎడమ తల.

“నీకు అన్నిటికీ అనుమానమే. మొన్న నేను తిన్న దోసకాయ చేదుగా ఉందన్నావు.”

“ఇద్దరికీ ఒకటే పొట్టరా, నాకు తెలియదా?”

ఏకాంబరం మీసం ఊడకుండా ఒక వేలితో నొక్కి పట్టుకున్నాడు. నాంచారి ఉంటే ఇక్కడ ఏమనేదా అని ఆలోచించాడు. “ఒకరి మాట ఒకరు తుంచవద్దు. ముందు కుడివైపువారు మనసులో ఉన్నదంతా చెప్పుకోండి. తర్వాత ఎడమవైపువారు. నేను లోపల కూర్చుని వింటాను” అన్నాడు. పెళ్ళయ్యాక అతను తడబడకుండా ఒక్క ఊపిరిలో ఇన్ని మాటలు చెప్పడం అదే మొదటిసారి.

నలభై ఏళ్ళుగా జగ్గుడి అభిప్రాయం ఎవరూ అడగలేదు. నాలుగు కళ్ళూ చెమర్చాయి. తలుపు తెరిచి, “మొదటి సంగతి, మాకు వేరువేరు దిండ్లు కావాలి...” అని కుడి తల మొదలుపెట్టింది.

గుహలో అటకల మీద అటకలు, వాటి నిండా కూజాలు. తేనెపట్టుకు చెవి ఆనించినట్టు అంతా సన్నని రొద. ఒక కూజా లేత బెండకాయలని కేకవేస్తోంది. మరొకటి ఎవరినో భోజనానికి లెమ్మని బతిమాలుతోంది. ఇంకొకటి పేకాటలో అన్యాయం జరిగిందని వాదిస్తోంది. అన్నీ పగలగొట్టాలని ఏకాంబరానికి చేతులు పీకాయి. పగలగొడితే ఆ చప్పుడుకు జగ్గుడు లోపలికి వస్తాడు. మూతలు తీద్దామంటే లక్క రాయిలా ఉంది. ఒక్కొక్కటి తీయడానికి ఒక్కొక్క గడియ పట్టేలా ఉంది. గుమ్మంలో ఎండ అప్పుడే పసుపు నుంచి నారింజ రంగుకు తిరుగుతోంది. రాజు గొంతు ఏదో ఎలా తెలుస్తుంది? వరసగా చెవి పెట్టి వింటూ పోయాడు. అడుగు అటక మీద, గోడ మూలకు తోసిన ఒక కూజాలో ఎవరో తమకు తామే జోల పాడుకుంటున్నారు. మగగొంతు. “ఓ చిన్ని తండ్రీ, ఓ చిన్ని రాజా” అంటోంది. అందరికంటే ముందు లాగిన గొంతు అన్నిటికంటే అడుగున ఉండాలి, తనను తాను రాజా అని పిలుచుకునేదీ రాజే కావాలి. నాయనమ్మ లేని చోట నాయనమ్మ పాట పాడుకునే గొంతు అది.

ఏకాంబరం దాన్ని చంకలో పెట్టుకున్నాడు. బయటికి అడుగు పెట్టగానే గడప రాయి తట్టుకుని మీసం ఊడి పడింది.

“చెప్పానా, కోడి అని” అంది ఎడమ తల.

ఇక పరుగే పరుగు. వెనక భూమి అదురుతోంది. చేపల వీధి, గాజుల వీధి, గంధపు వీధి దాటాడు. మూడు దారుల కూడలిలో ఏకాంబరం నడిమి సందులోకి దూరాడు. కుడి తల కుడివైపు అంది, ఎడమ తల ఎడమవైపు అంది. రెండు కాళ్ళూ రెండు దారులు పట్టాయి. జగ్గుడు కూడలి నడుమ చతికిలబడి, తప్పెవరిదో తేల్చుకుంటూ ఉండిపోయాడు.

ధర్మసభలో సూర్యుడు పడమటి కిటికీ కింది అంచుకు జానెడు పైన ఉన్నాడు. మూకభైరవుడు నల్లదారం విప్పి నాంచారి మెడకు ఒక చుట్టు చుట్టాడు. ఆమె ఇంకా మాట్లాడుతూనే ఉంది. “నెమ్మదిగా చుట్టవయ్యా, నీ చేతులు చల్లగా ఉన్నాయి. ఇంట్లో చారు పెట్టేవాళ్ళు లేరా?” అంటోంది. మాట తేలికగానే ఉంది గాని, గుమ్మం మీది నుంచి చూపు మాత్రం తిప్పడం లేదు.

ఆ గుమ్మంలోనే ఏకాంబరం వచ్చి పడ్డాడు. “వల్లించేవారు... ఉన్నారమ్మా... ఆ సింహాసనం మీద” అని రొప్పాడు.

సభ అంతా రాజు వైపు తిరిగింది. “ప్రభువులకు గొంతు నొప్పి” అని మూకభైరవుడు అనబోయాడు. వకుళమ్మ చెయ్యెత్తింది. “పీఠం పిలిస్తే గొంతు నొప్పి ఉన్నవారూ రావాలి.”

చిత్రభాను మహారాజు సింహాసనం దిగాడు. కిరీటం తీసి కింద పెట్టి, ఓడినవారు నిలబడే మెట్టు ఎక్కాడు. ఏకాంబరం కూజాను నేలకేసి కొట్టాడు. పిచ్చుకంత వెలుగు ఒకటి ఎగిరి రాజు పెదవుల మధ్య దూరింది. ఆయన రెండుసార్లు దగ్గి, “మామూలుగా చెప్పడం నాకు రాదమ్మా. మా నాయనమ్మ ఉయ్యాలలో నేర్పింది. అలాగే వచ్చు” అని, ఎదురుగా ఉయ్యాల ఉన్నట్టు చెయ్యి ఊపుతూ పాడాడు.

ఆకలికి ఏడ్చింది ఏ నోరు, జో జో
పండగకు పాడింది ఏ నోరు, జో జో
రాజును చూసి నవ్విందేది తండ్రీ
అన్నిటికి ఒకటే ఆ నోరు, జో జో
రాజు ఇచ్చినది కాదు, రాజు తీయగరాదు
చెయ్యెత్తి కొడితేను చెరసాల చూపించు
నోరెత్తి నవ్వితే నువు కూడ నవ్వు
నవ్వు రాకుంటేను నిదురపో తండ్రీ, జో జో

సభలో ముగ్గురు పసివాళ్ళు, ఒక సేనాపతి నిద్రపోయారు. వకుళమ్మ అడిగింది. “ఇందులో నీవు కలిపినది ఏమైనా ఉందా?”

“ఓడిపోయిన వంశం మాది, కలపడం దేనికమ్మా. చిన్నప్పుడు రెండు ముక్కలు ఎగ్గొడదామని చూశాను. నాయనమ్మ తొడపాశం పెట్టేది.”

“అయితే వినండి,” అంది వకుళమ్మ. “నోరు రాజు ఇవ్వలేదు, కనుక రాజు తీయకూడదు. రాజు తీయరానిది మంత్రి అసలే తీయకూడదు. వేషం కూడా నోరే. మాట లేకుండా తెరిచి మూసినా నోరే. నాంచారి గెలిచింది. ఆచారం ప్రకారం ఈ కొత్త తీర్పును ఓడినవారు, అంటే మూకభైరవుడు, కంఠస్థం చేసి, అతని పిల్లలకూ మనుమలకూ నేర్పాలి.”

మూకభైరవుడి ముఖం మాడిన అట్టులా అయింది. ఒకరి నోరు మూయడమే తెలిసినవాడు, నోళ్ళన్నిటికీ హక్కు ఉందని జీవితాంతం వల్లించాలి. నల్లదారం తెంపి, ఒక్క ఊపున రాబందుగా మారి, కిటికీ పగలగొట్టుకుని ఎగిరాడు. గుహలోంచి కూజాలన్నీ దండగా గుచ్చినట్టు అతని వెనక ఆకాశంలోకి లేచాయి. లేత బెండకాయలన్న కేక మేఘాల్లో కలిసిపోయింది.

“వల్లించేవాడు లేని తీర్పుకు అమావాస్య దాకానే ప్రాణం,” అంది వకుళమ్మ. “ఈలోగా అతన్ని పట్టుకొచ్చి ఆ మెట్టు మీద ఒక్కసారైనా చెప్పించాలి. లేకపోతే ఈ అమ్మాయి నోటి మీద వ్యాజ్యం మళ్ళీ మొదటికి వస్తుంది.”

మహారాజు తన రెక్కల పల్లకిని తెప్పించాడు. మోసేవాళ్ళు అక్కరలేని పల్లకి అది. లోపల కూర్చున్నవారు మాట్లాడుతున్నంతసేపూ ఎగురుతుంది, మాట ఆగితే దిగిపోతుంది. నాంచారి, ఏకాంబరం ఎక్కారు. నాంచారి రాబందు పోయిన వైపు చెయ్యి చాపి, “ఓరి కూజాలవాడా, నీకు అక్షరాలు నేను దిద్దిస్తాను. కాసుకో” అంది. పల్లకి జివ్వుమని లేచింది.

ఆ చివరి మాట నేను కల్పించాను. తక్కినదాని సంగతి అడగకండి గాని, అది మాత్రం నాదే. పల్లకిలో కూర్చున్నాక నాంచారి ఏమీ అనలేదు. మెడ మీద దారం ఒరుసుకున్న చోట ఒక చెయ్యి పెట్టుకుని, రెండో చేత్తో మొగుడి చొక్కా అంచు గట్టిగా పట్టుకుని, అలా కూర్చుండిపోయింది. పల్లకి నేల విడవలేదు. రాజు, వకుళమ్మ, సభంతా చూస్తూ నిలబడ్డారు. ఏకాంబరం ఆమె వైపు తిరిగాడు. “నాంచారీ, పొద్దున... పొద్దున పచ్చడిలో ఉప్పెక్కువైంది” అన్నాడు. పల్లకి మూరెడు లేచింది. “చింతపండు కూడా... సరిపోలేదు” అన్నాడు. ఇంకో మూరెడు లేచింది. అలా కుదుపులతో, ఆగుతూ, ఒకసారి కోట గోడకు తగులుతూ, పచ్చడి నుంచి పప్పుకూ, పప్పు నుంచి పన్నెండేళ్ళ కిందటి పెళ్ళి విందుకూ అతను మాట్లాడుతూనే పోయాడు. ఆమె ఒక్కదానికీ ఎదురు చెప్పలేదు. నది మూడో వంక దాటేసరికి పల్లకి కొంగలతో సమానంగా ఎగురుతోంది.